సముద్రానికి ఎదురుగా రివర్సు

సునామీ వెళ్ళిన నెలకి మా దీవిలో, హాడో రేవు దగ్గర మా కంపెనీ లారీల షెడ్డులో, డ్రైవర్ల భద్రత చూడ్డానికి కొత్తగా వచ్చిన మేడమ్ ఒక ముసలి డ్రైవర్ని పిలిపించింది. పక్కనే టీ తాగుతున్న నన్ను చెవులు మూసుకోమని ఎవరూ అనలేదు.

“తాతగారూ, మీ లారీ వెనక బంపరు నుజ్జయింది, రెండద్దాలూ లేవు. మైలు దూరం రివర్సులో నడిపారట. రూలు ప్రకారం మిమ్మల్ని బండి దింపెయ్యాలి.”

“మైలున్నర, మేడమ్. తగ్గించకండి.”

“తిప్పుకుని రావచ్చుగా?”

“ఒడ్డుకి దిగే దారి లారీ అంతే వెడల్పు. నేను తిప్పేలోపు సముద్రమే తిప్పేసేది. వెనక తొట్టిలో నలభైమంది జనం, ఆరు మేకలు, ఒక పెళ్ళికొడుకు.”

“అద్దాలు విరిగాక దారెలా తెలిసింది?”

“క్లీనరు లారీ బాడీ మీద తట్టి చెబుతాడు కదా, ఒకటి తడితే ఎడమ, రెండు తడితే కుడి. ఆ రోజు వాడు లేడు. చేపలమ్మే యర్రమ్మ తట్టింది. అందరూ వెనక్కి పొమ్మని ‘పీఛే, పీఛే’ అంటూ అరుస్తున్నా నాకు ఆ తట్టే వినబడింది.”

“మీరు వెనక్కి చూడనే లేదా?”

“ఎలా చూస్తానమ్మా? ఎదురుగా సముద్రం లేచి నిలబడి నడిచొస్తోంది. పడవలు కొబ్బరిచెట్లెక్కుతున్నాయి. నేను కోతలు కోసేవాణ్ణే, కానీ దాన్ని పెంచి చెప్పడం నావల్ల కాదు. కొండ మలుపులో నీళ్ళు నా ముందు చక్రాలు తడిపి ఆగాయి.”

“ఎవరూ పడిపోలేదా?”

“ఒక మేక దూకింది. అదీ కొండవైపే.”

మేడమ్ లేచి లారీ బాడీ మీద ఒకసారి తట్టి చూసింది.

“రేపు కొత్త డ్రైవర్లొస్తున్నారు. ఆ తట్లు మీరే నేర్పాలి.”

“మరి నన్ను బండి దింపేస్తారుగా?”

“మీరు దిగిపోతే నాకెవరు నేర్పుతారు? పదండి తాతగారూ, ముందు నేనెక్కుతాను.”