ఆ బండికి డ్రైవరు కావాలి

(కాలనీ గ్రంథాలయాన్ని మహమ్మారి రోజుల్లో సహాయ కేంద్రంగా మార్చారు. అద్దానికి ఇవతల పని పోయిన స్కూలు బస్సు డ్రైవరు. అవతల, గదిలో ఒంటరిగా, మాస్కు వేసుకున్న ఉద్యోగిని.)

"బండి అంటే ఏ బండి మేడమ్? ముందు అది చెప్పండి."

"వ్యానండీ. మామూలు వ్యానే. మీరు నడిపిన స్కూలు బస్సు కంటే చిన్నది."

"చిన్నదా పెద్దదా అని కాదు. అందులో ఎక్కేదెవరు?"

"ఎక్కేది... ఆసుపత్రి తాలూకు వాళ్లు."

"నడిచి ఎక్కుతారా, ఎత్తి పెడతారా?"

"డ్రైవర్ గారూ..."

"చెప్పండి మేడమ్. జుట్టు నెరిసేదాకా పిల్లల్ని ఎక్కించుకు తిరిగినవాణ్ణి. ఎవరెక్కుతారో తెలీకుండా స్టీరింగు ముట్టుకోను."

"ఎత్తి పెడతారు."

"అదీ! శవాల బండి అని ఒక్క ముక్క చెప్పడానికి ఇంత సేపా?"

"అలా అంటే ఎవరూ కూర్చోవట్లేదండీ. పొద్దుటి నుంచి వచ్చిన డ్రైవర్లందరూ ఆ మాట వినగానే లేచి వెళ్లిపోయారు."

"అయితే నేనూ లేస్తాను."

"కూర్చోండి. దయచేసి కూర్చోండి. పూర్తిగా వినండి."

"వినడానికేముంది? నేనొచ్చింది పని కోసం కాదు, సాయం కోసం. పని పోయినవాళ్లకి నెలనెలా ఇస్తామన్నారా? ఇచ్చారు, కాదనను. ఈ నెల రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కుందామని వచ్చాను."

"అందుకే రాలేదు. మీరు డ్రైవరు. డ్రైవరు పని ఒకటి ఖాళీగా ఉంది. ఉన్న పని చెయ్యనంటే సాయం ఆపేస్తారు. నిబంధన అది. నేను పెట్టింది కాదు."

"నేనెప్పుడు చెయ్యనన్నాను? అసలు నన్నెవరడిగారు?"

"ఇప్పుడు అడుగుతున్నాను కదా."

"బావుంది వరస. ముందు ఆపేసి తర్వాత అడుగుతారన్నమాట. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు."

"అనండి. పొద్దుటి నుంచి ఇంతకంటే పెద్ద మాటలే పడ్డాను."

"మిమ్మల్ని కాదు మేడమ్. నోటికొచ్చింది, అనేశాను. ఇన్నాళ్లూ ఆ బండి నడిపినాయన ఏమయ్యాడు?"

"పడుకున్నాడు."

"పడుకున్నాడా, పోయాడా?"

"పడుకున్నాడనే చెప్పాను. ఆక్సిజన్ మీద ఉన్నాడు."

"ఆయన కాకపోతే ఇంకొకరు ఉండాలిగా?"

"ఇంకొకాయన ఫోను తియ్యట్లేదు. ఇంటికి మనిషిని పంపితే తలుపూ తియ్యలేదు."

"తెలివైనవాడు."

"మీకు ఒంటి నిండా తొడుక్కునే సూటు ఇస్తారు. గ్లౌజులు, కళ్లద్దాలు, అన్నీ ఇస్తారు. ఆసుపత్రి అయినా, ఇల్లయినా ఎత్తడం, దించడం మీ పని కాదు, దానికి వేరే మనుషులున్నారు. మీరు ముందు సీట్లోంచి కదలక్కర్లేదు. మధ్యలో అద్దం ఉంటుంది."

"అద్దం! మీకూ నాకూ మధ్య ఉన్నట్టా?"

"ఇంతకంటే మందం."

"మీకేం మేడమ్, అద్దం వెనకాల కూర్చుని ఎన్నయినా చెప్తారు."

"అవును. వెనకాలే కూర్చున్నాను. మీరు ఇంటికి వెళ్లగానే బట్టలు గుమ్మం బయటే విప్పి, వేడినీళ్లలో సబ్బు కలిపి నానబెట్టాలి. స్నానం చేసేదాకా ఎవర్నీ తాకకూడదు. కంచం వేరు, గ్లాసు వేరు. పడక వేరే గదిలో."

"వేరే గదా?"

"అవును."

"ఉన్నది ఒక్క గది మేడమ్. పొయ్యి అందులోనే, పడక అందులోనే, చుట్టాలొస్తే కూర్చునేదీ అందులోనే. మధ్యలో సుద్దముక్కతో గీత గీసి నువ్వటు, నేనిటు అనమంటారా?"

"ఇంట్లో ఎంతమంది?"

"నేనూ, మా ఆవిడా."

"ఇద్దరే కదా. ఆవిణ్ణి కొన్నాళ్లు ఇంకెక్కడికైనా పంపండి."

"ఎవరు రానిస్తారు మేడమ్ ఈ రోజుల్లో? మొన్న తుమ్మానని పక్కింటివాళ్లు కిటికీ మూసేశారు. మిరపకాయలు వేగితే వచ్చిన తుమ్ము అది. వేగింది కూడా వాళ్లింట్లోనే! నవ్వండి మేడమ్, పర్లేదు. నవ్వుకి నిబంధన లేదుగా."

"డ్రైవర్ గారూ, నాకు టైము లేదు. ఇవాళే తేలాలి. ఇప్పుడే తేలాలి."

"ఇప్పుడేనా? ఇంట్లో ఒక మాట అడగొద్దా? రేపు పొద్దున్న వచ్చి చెప్తాను."

"రేపు కుదరదు."

"ఇవాళ్టికి రేపటికి తేడా ఏంటి మేడమ్? వాళ్లెక్కడికి పోతారు పాపం, పోయినవాళ్లేగా?"

"అలా అనకండి."

"తప్పే. తప్పు మాటన్నాను."

"ఒక్క నిమిషం, ఫోను... ఆ, చెప్పమ్మా... చూస్తున్నాను... ఎదురుగా ఒకాయన ఉన్నారు, మాట్లాడుతున్నాను... నువ్వు ఆ గదిలోకి వెళ్లకు. తలుపు వేసే ఉంచు. చెల్లిని కూడా వెళ్లనివ్వకు... చెప్పాను కదా, వస్తాను... పెట్టేస్తున్నా."

"ఇంటి నుంచా?"

"మా పెద్దది."

"ఎవరికైనా బాగా లేదా మేడమ్?"

"మా ఆయనకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో మంచాలు లేవు, ఇంట్లోనే ఉంచమన్నారు."

"అయ్యో. ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు జ్వరం లేదు."

"హమ్మయ్య. అయినా ఇంట్లో మనిషిని అలా పెట్టుకుని మీరిక్కడికి రావడమేంటి? సెలవివ్వలేదా?"

"ఇచ్చారు. నేనే వచ్చాను. ఈ సీటులో ఇంకెవరూ లేరు. డ్రైవరుని చూడాల్సింది నేనే. అందుకే ఈ గదిలోకి ఎవర్నీ రానివ్వట్లేదు. మా సంగతి వదిలేయండి. మీరు ఒప్పుకుంటే బండి తాళాలు ఇప్పుడే ఇప్పిస్తాను. ఆగిన సాయం కూడా వచ్చేలా చూస్తాను."

"ఎంత ఇస్తారని అడగట్లేదు మేడమ్. నాకు భయమేంటో చెప్పనా? పిల్లలు నన్ను పోంపోం తాత అంటారు. బస్సెక్కేటప్పుడు ఒక్కొక్కడూ హారన్ నొక్కితే గాని లోపలికి కదలడు. రేపు స్కూళ్లు తెరిస్తే, ఆ బండి నడిపినవాడు వీడేనని తెలిస్తే, ఏ తల్లి నా చేతికి పిల్లని అందిస్తుంది?"

"స్కూళ్లు తెరిచినప్పుడు కదా."

"తెరవరంటారా?"

"నాకు తెలీదు."

"మా బస్సు షెడ్డులో ఉంది. వారానికోసారి వెళ్లి స్టార్టు చేసి వచ్చేవాణ్ణి, బ్యాటరీ చచ్చిపోకుండా. పోయిన వారం వెళ్తే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. బస్సు అమ్మేశారట. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు."

"మరి ఇంకేం మిగిలిందని భయపడతారు? ఈ పని పట్టుకోండి."

"మిగిలింది మా ఆవిడే మేడమ్."

"జాగ్రత్తలు చెప్పాను కదండీ."

"ఆవిడకి ఆయాసం. పెళ్లప్పటికే ఉంది. దాచి చేశారని మా అమ్మ గోల పెట్టింది గాని, నాకు ముందే తెలుసు. పెళ్లిచూపుల్లో పక్క గదిలోంచి ఆ చప్పుడు వినపడింది. గాలి లాగితే పిల్లనగ్రోవిలా ఉంటుంది. తర్వాత తర్వాత ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టేది కాదు."

"మందు వాడుతున్నారా?"

"నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఉంది. అదీ దొరకడం లేదు. ఉన్నదాన్నే దాచుకుని దాచుకుని పీలుస్తోంది. 'నాకేం లేదు, మీరు పడుకోండి' అంటుంది. మంచం పట్టీ పట్టుకుని కూర్చునే ఉంటుంది. ఆ మనిషి పక్కకి నేను ఆ బండి దిగి వెళ్లి పడుకోవాలా? సూటు ఇస్తారు, సబ్బు ఇస్తారు, నిజమే. ఊపిరి మీద సబ్బెక్కడ రుద్దను మేడమ్? వెళ్తే ఆవిడకి గండం. వెళ్లకపోతే ఇద్దరికీ పస్తు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీరే చెప్పండి. చదువుకున్నవారు. ఇందులో దేంట్లో దూకమంటారు?"

"ఆవిడ మందుల చీటీ ఉందా మీ దగ్గర?"

"జేబులోనే ఉంది. వెళ్తూ వెళ్తూ మందుల షాపులన్నీ అడుగుదామని తెచ్చాను."

"అద్దానికి ఆనించండి. ఇంకొంచెం పైకి... ఆ. కనపడింది."

"దీంతో ఏం పని?"

"ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లుంటే ఈ పని ఒప్పుకోనక్కర్లేదు. అయినా సాయం ఆగదు. మినహాయింపు ఉంది."

"ఏంటీ?"

"మీ పేరు మీద రాసేస్తున్నాను. ఆగినది కూడా కలిపి వస్తుంది. పంపు దొరక్కపోతే వెనక వీధి క్లినిక్కులో నర్సుని అడగండి, సహాయ కేంద్రం వాళ్లు పంపారని చెప్పండి. ఇలాంటివాళ్ల కోసం కొన్ని దాచి ఉంచింది, ఇస్తుంది."

"ఇది... ఇది మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలుసు."

"మరి ఇంత సేపూ? వేరే కంచమనీ, వేరే గదనీ, ఆవిణ్ణి ఎక్కడికో పంపమనీ..."

"చెప్పాల్సింది. చెప్పలేదు."

"అదే ఎందుకని?"

"చెప్తే మీరూ వెళ్లిపోతారని."

"వెళ్లనా మరి? పోన్లెండి. కోపం లేదు నాకు. ఏదో మీ పై అధికారి గొంతు మీద కూర్చుని ఉంటాడు, డ్రైవరుని పట్టుకురమ్మని. ఎవరి బాధ వాళ్లది. చివరికి మనసొప్పక చెప్పేశారు చూశారా, అది చాలు."

"ఇక వెళ్లండి డ్రైవర్ గారూ. క్లినిక్కు మూసేస్తారు."

"వెళ్తాను. మరి ఆ బండి సంగతి?"

"అలాగే ఉంటుంది."

"ఇంకెవరూ రారా?"

"మీరే ఆఖరు."

"అయ్యో. ఎవరి ఇంట్లోనో ఏమో, ఎదురు చూస్తుంటారు పాపం."

"చూస్తారు."

"ఈ ఎండల్లో ఎంత సేపని ఉంచుకుంటారు? నాలాంటివాడు ఏం చెయ్యగలడు, దణ్ణం పెట్టుకోవడం తప్ప. సరే తల్లీ, వస్తాను. తల్లీ అన్నానని ఏమనుకోకు, మా ఆవిడ ఊపిరి నిలబెట్టావు. ఇంటికెళ్లి నీ పేరే చెప్తాను. నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ చల్లగా ఉండాలి."

"ఆయన పొద్దున్నే చల్లబడిపోయారండీ. ఆ బండి కోసం ఎదురు చూస్తున్నది మేమే."