డెబ్బై మూడో పుట దగ్గర వచ్చిన మనిషి

బావ నోరు విప్పాడంటే టీకొట్టాయన ముందు పాలగిన్నె దించేస్తాడు, వింటూ వింటూ పొంగబెట్టేస్తానని భయం. ఆ మధ్యాహ్నం దించి చాలాసేపయింది. బల్ల మీద దర్జీ, మంగలి సర్దుకుని కూర్చున్నారు. మరదలు మాత్రం నిలబడే ఉంది. ఒక్క ముక్క అడిగి పోదామని వచ్చింది పాపం.

ఆవిడ గ్రంథాలయంలో పరిశోధకురాలు. ఆరు వందల ఏళ్ళ నాటి ఓ చేతిరాత పుస్తకం, ఏ భాషో ఏ లిపో ఎవరికీ అంతుపట్టనిది, ఆవిడ నెత్తికెక్కి కూర్చుంది. చదవలేకపోయినా లెక్కపెట్టొచ్చు కదా అనుకుంది. ఒక్కో వింత అక్షరానికి కీబోర్డు మీద ఒక్కో మీట పెట్టుకుని, ఫొటోలు చూసి పుస్తకమంతా టైపు చేయమని, టైపు షాపు నడిపే బావకిచ్చింది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దేని పక్కన వచ్చింది అని కంప్యూటర్‌తో లెక్క కట్టించింది. డెబ్బై మూడో పుట దగ్గర లెక్క మారిపోయింది. ముందు రాసిన మనిషి వేరు, తర్వాత రాసిన మనిషి వేరు. ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టని సంగతి. సాయంత్రానికి నివేదిక పంపాలి. పై అధికారి ఒక్కటే అడిగాడు, టైపు చేసింది ఒక్కరేనా అని. ఇద్దరు చేసుంటే ఆ తేడా వీళ్ళదే కావచ్చు.

అక్కనడిగితే "మీ బావనే అడుగు" అని తప్పుకుంది. అక్క పెళ్ళయిన నాటి నుంచీ బావ మాట ఒక్కటీ నమ్మని మరదలు, ఇవాళ ఒక్కటి నిజమైతే బాగుండునని కోరుకుంటోంది.

"బావా, అంతా నువ్వే కొట్టావా? అవునో కాదో చెప్పు చాలు."

"అవునో కాదో అని తేల్చేసే పనా అది? కూర్చో అమ్మాయ్. మొదట్లో మామూలుగానే కొట్టాను, రోజుకి రెండు పుటలు. వేళ్ళు అలవాటుపడ్డాక స్క్రీను చూడ్డం మానేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫొటో చూడ్డం కూడా మానేశా."

"ఫొటో చూడకుండా ఏం కొట్టావు బావా?" అంది మరదలు.

"ఏ మాట వెనక ఏ మాటో వేళ్ళకే తెలిసిపోయేది. ఒక్కోసారి ఒకే మాట మూడుసార్లు పడేది. మొదటి సగం రాసినాయన మహాపండితుడు, మంత్రంలా రాశాడని నువ్వే అన్నావుగా."

నిజమే, తనే అంది. నివేదికలో కూడా రాసింది.

"కరెంటు పోలేదా గురువుగారూ?" మంగలి అడిగాడు.

"పోయింది. నేనాపితేగా. మీటలు కాలిపోతున్నాయి, ఆ వేడికే కంప్యూటరు నడిచింది. పక్క వీధిలో రెండు బల్బులు కూడా వెలిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? భోంచేసి అలా కుర్చీలో వాలానో లేదో, ఆ పుస్తకం రాసిన ముసలాయన ఈక కలంతో సహా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. 'నాకు పదేళ్ళు పట్టిన పని నువ్విలా చేసేస్తే నా పరువేం కాను? నువ్వు పడుకో, మిగతాది నేను కొడతా' అన్నాడు."

"ఏ పుట దగ్గర?"

"డెబ్బై మూడు."

మరదలు బల్ల మీద కూలబడింది. దర్జీ జరిగి చోటిచ్చాడు.

"ఆయనకి టైపు వచ్చాండీ?" అన్నాడు దర్జీ.

"రాకేం. ఒక్క తప్పు లేదు. కాకపోతే వట్టి గుమస్తా బుర్ర. ప్రతి చుక్కా పట్టి పట్టి చూడ్డం, మళ్ళీ సరిచూసుకోవడం. కుర్చీ పొట్టిదని కింద రెండు దిళ్ళు కూడా వేసుకున్నాడు."

"టీ తాగాడా బావా?"

"తాగకేం. పూటకో గ్లాసు, చక్కెర లేకుండా."

టీకొట్టాయన గరిటె పట్టుకుని ఆగిపోయాడు. ఆ గ్లాసులు పంపింది ఆయనే. ఆ వీధిలో చక్కెర లేని టీ ఎవరిదో అందరికీ తెలుసు. దర్జీ దగ్గు నటించాడు.

మరదలికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఏడాది కష్టం. వేల మాటలు లెక్కపెట్టి, ఆరు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి, చివరికి తన అక్కనీ బావనీ కనిపెట్టింది. ఫోన్ తీసి అధికారితో "ఇవాళ పంపడం లేదండీ, టైపు సరిగ్గా లేదు" అని మాత్రం చెప్పింది.

"మొదటాయన పండితుడు కాదు బావా, పని దొంగ. రెండో మనిషి గుమస్తా కాదు, మా అక్క."

బల్లంతా గొల్లుమంది. బావ గ్లాసు కింద పెట్టాడు. "ఎంతైనా, కంప్యూటరంతటిది నన్ను మహాపండితుడనుకుందా లేదా?" అన్నాడు.

"మొదటి డెబ్బై రెండు పుటలూ మళ్ళీ కొట్టాలి. రేపట్నుంచి అక్క కూర్చుంటుంది. అప్పుడు కూడా తేడా ఉంటే, అది పుస్తకంలోదే."

"మరి నేనో?"

"నువ్వు పూటకో టీ అందించు. చక్కెర లేకుండా."