పగులు మీద గాజు

సికింద్రాబాద్‌లో నిజాం కాలంనాటి రైల్వే స్టేషన్. 2009 వేసవి. ఆ గోడలకు ఏళ్లుగా మరమ్మతులు చేస్తున్న ముసలి తాపీమేస్త్రీ, సర్వేకు వచ్చిన ఇంజనీరును ఒక పగులు ముందు నిలదీశాడు.

“ఈ గోడ కదుల్తున్నదని రిపోర్టుల రాసింది మీరేనా సార్?”

“నేనే. ఇక్కడికి హైస్పీడ్ రైళ్లు రాబోతున్నాయి మేస్త్రీ. ఈ పాత గోడలు తట్టుకోలేవు.”

“పగులు మీద అడ్డంగ అతికిచ్చిన గాజుముక్క జెర చూడుండ్రి.”

“అయితే ఏంటి?”

“తొంభై ఎనిమిదిల నేనే పెట్టిన. గోడ వెంట్రుకంత కదిలినా గాజు పటుక్కుమంటది. పదకొండేండ్లాయె, దానికి గీత సుత పడలే.”

“తెలుసు. మొన్న నేనూ చూశాను.”

“చూసిండ్రా? మరి రిపోర్టుల ఎందుకు రాయలే?”

“రాస్తే కూల్చడానికి పర్మిషన్ రాదు. కొత్త స్టేషన్ డిజైన్ ఎప్పుడో అయిపోయింది. పైవాళ్లు చెప్పారు, నేను సంతకం పెట్టాను.”

“నలభై ఏండ్లు సున్నం బెట్టి నిలబెట్టిన గోడ మీద అబద్ధం రాస్తరా?”

“అరవకండి. జనం చూస్తున్నారు.”

“చూడనియ్యిండ్రి.”

మేస్త్రీ సంచిలోంచి సుత్తి తీసి ఇంజనీరు చేతిలో పెట్టాడు.

“సంతకం పెట్టిన చేత్తోనే ఆ గాజు పగలగొట్టుండ్రి సార్. అప్పుడు మీరు రాసింది నిజమైతది.”