నిమిషానికి ఐదు లీటర్లు

నిమిషానికి ఐదు లీటర్లా? ఎవరు కొలిచినారు డాక్టరమ్మా? బిందె పెట్టి పట్టినారా?

కోపం చేసుకోవద్దండి. పొద్దుట్నుంచీ ఈ ఐసీయూ అద్దం బయట నిలబడి ఆ తెరనే చూస్తాండా. మా ఆవిడ హులిగెమ్మ మణికట్టులో సన్న గొట్టం పెట్టినారు. బీపీ అలలు అలలుగా వస్తాండాది. సరే, అల నాకూ కనపడతాది. పక్కనే రక్తం ఇంత పారుతాందని ఆ అంకె యాడ నుంచి వచ్చింది? ఆ గొట్టం కొలిచేది ఒత్తిడినే కదా?

నవ్వుతారేమమ్మా? నేను ఆ కాలం బీయస్సీని. కె.సి. కాలువ మీద సూపర్‌వైజరుగా తల నెరిసినోణ్ణి. కాలువలో గేజీ రాయి ఉంటాది. నీళ్లు ఏ గీత దాకా ఉండాయో చూసి, పట్టికలో వెతికి, ఇన్ని క్యూసెక్కులని పైకి చెప్తాము. శానా సుఖమైన పని.

ఒకసారి గేజీ కాడ నీళ్లు నిండుగా ఉండాయి. చివరి ఊళ్ల రైతులేమో ఆఫీసు ముందర కూర్చొని నన్ను తిడతాండారు. పోయి చూస్తే ఏముంది? నడుమ ఒకాయన కాలువకు అడ్డంగా బండలేసి తన మడికి నీళ్లు ఎక్కించుకుంటాండాడు! అడ్డం పడితే నీళ్లు పైకి లేస్తాయి తల్లీ, పారవు.

మీరు ఎక్కించే మందు రక్తనాళాలను బిగిస్తాదని నిన్న మీరే అన్నారు. బిగిస్తే బీపీ లేవదా మరి? ఆమె పాదాలు తాకి చూడండి, ఇందాక లోపలికి పంపినప్పుడు పట్టుకున్నా, నీళ్లకుండ మాదిరి సల్లగుండాయి. మూత్రం సంచి చూడండి, అడుగు కూడా నిండలేదు. చివరి భూములు ఎండుతాండాయమ్మా!

అంకె బాగుంది కాబట్టి గుండెకు వేరే మందు అక్కర్లేదంటారు. గుండె స్కానూ రేపు చూద్దామంటారు. ఎందుకు రేపు? ఆ మందు ఎవరికన్నా దాచినారా?

ఏమిటీ? అల ఎట్లా లేచింది, ఎట్లా దిగింది చూసి మిషను లెక్క వేస్తాదా? నాళం మెత్తనిదైతే ఒక లెక్క, గట్టిపడిందైతే ఒక లెక్కా? అది ఒప్పుకుంటా. మట్టి కాలువకు ఒక పట్టిక, సిమెంటు కాలువకు ఒక పట్టిక, మాకూ ఉండేవి. ఈమె నాళం ఎంత గట్టిదో మిషనుకు ఎవరు చెప్పినారు? కోసి చూసిందా?

...వయసా?

వయసు, ఎత్తు, బరువు చూసి ఊహిస్తాదా? వయసు ఎంత కొట్టినారు?

అరవై రెండు.

కొంచెం ఇట్లా పక్కకు రండమ్మా.

నిన్న చేర్చేటప్పుడు కౌంటరు కాడ అమ్మాయి వయసు అడిగింది. ఆధార్ కార్డు కమలాపురంలో ఇంట్లోనే మరిచినామని చెప్పినా. మరవలేదు, ఇదిగో, జేబులోనే ఉండాది. ముసలోళ్లయితే ఆసుపత్రుల్లో పైపైన చూసి వదిలేస్తారని నా అనుమానం. అందుకే పద్నాలుగేండ్లు కోసేసి చెప్పినా. హులిగెమ్మకు డెబ్బై ఆరు.

తక్కువ వయసు చెబితే నాళాలు మెత్తనివనుకొని ఎక్కువ పారుదల చూపిస్తాదా? అట్లయితే మిషనుకు అబద్ధం నేర్పింది నేనేనా?

మార్చండమ్మా. నా కళ్ల ముందరే మార్చండి.

నాలుగుకు దిగిందా!

స్కాను ఇప్పుడే తీయిస్తారా? తీయించండి తల్లీ, మీకు పుణ్యముంటాది. తీసేది మీరేనా, వేరే డాక్టరు వస్తాడా?

వేరే ఆయనా... మీరంటే మంచోళ్లు. ఆయన ఎట్లాంటోడో మనకేం తెలుసు? ఆయనకు మాత్రం అరవై రెండనే చెప్పండమ్మా.