సెలవు రోజుల టోపీ

గుండె జబ్బుల వార్డు బయట వరండా. గోడవార బెంచీ మీద మరిది, ఎదురుగా టోపీ పట్టుకుని నిలబడిన వదిన.

"ఇంకోసారి ఆ మంచం ఛాయలకి వచ్చావంటే బాగుండదు, చెప్తున్నా."

"నేనేం చేశాను వదినా? మా అన్నని చూసుకోవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?"

"చూసుకోవడానికొచ్చినవాడు చూసుకుని పోవాలి. పొద్దున నువ్వొచ్చావు, బీపీ దబ్బున పడింది, గుండె పరుగు మొదలెట్టింది. మధ్యాహ్నం వచ్చావు, మళ్ళీ అదే. ఇప్పుడు మూడోసారి. నర్సు పరిగెత్తుకొచ్చి ఆయన కాళ్ళు పైకెత్తి పెట్టాల్సొచ్చింది."

"అంటే నా పాదం మంచిది కాదంటావా?"

"పాదం సంగతి కాదు. ఆయన తలకి ఈ టోపీ ఏంటి?"

"టోపీయే. ఏసీ చల్లగా ఉందని."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి. ఇది మీ షెడ్డు టోపీ. లోపలి పట్టీ జిడ్డోడుతోంది. దీన్ని ముట్టుకున్న దగ్గర్నుంచి నా తల పగిలిపోతోంది."

"పట్టీ ముట్టుకోకు. ముందెళ్ళి సబ్బుతో చెయ్యి కడుక్కో."

"ఎందుకు? ఏం పూశావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెయ్యెందుకు కడుక్కోవాలి?"

"నీకు తెలియందేముంది. క్వారీలకి పేలుడు మందుకడ్డీలు చేసే షెడ్డు మాది. వాటిలో కూరే నూనె చేతికంటినా, దాని గాలి పీల్చినా తలనొప్పి. రెండ్రోజులకి ఒళ్ళు అలవాటు పడుతుంది. సెలవని ఇంట్లో కూర్చున్నామా, అలవాటు తప్పుతుంది. మళ్ళీ పనిలోకెళ్ళిన రోజు తల దిమ్మెక్కిపోతుంది. అందుకని..."

"అందుకని?"

"కాస్త టోపీ పట్టీకి రాసి ఇంటికి తెచ్చుకుంటాం. సెలవంతా పెట్టుకుంటాం. షెడ్డులో అందరూ చేసేదే. అన్నా చేసేవాడు, నీకు చెప్పలేదంతే."

"పేలే మందు నా ఇంట్లో తలకి పెట్టుకుని పడుకున్నాడా?"

"చిటికెడు వదినా. చిటికెడు."

"ఇక్కడికెందుకు తెచ్చావు మరి? ఆయన షెడ్డు మానేసి..."

"మానలేదు. నువ్వు మాన్పించావు. మేనేజర్ కాళ్ళావేళ్ళా పడి స్టోర్‌లో గుమాస్తా పని వేయించావు, తలనొప్పి లేకుండా హాయిగా ఉంటాడని. ఉన్నాడా? వారం తిరక్కుండా గుండె పట్టేసింది. ఆ గాలికి అలవాటు పడ్డ గుండె రక్తనాళాలు అది అందకపోతే బిగుసుకుపోతాయి. మావాళ్ళు షెడ్డులో పోరు వదినా, సెలవుల్లో పోతారు."

"అంటే నా మొగుణ్ణి నేనే చంపుకుంటున్నానంటావు."

"నేనలా అన్లేదు."

"అన్నావు. నోటితో అనకపోయినా అన్నావు. సరే, నా మాట విను. డాక్టరమ్మ నాకు విడమరిచి చెప్పింది. ఆయనకి సెలైన్‌లో ఎక్కిస్తున్న మందేంటో తెలుసా? మీ నూనె."

"మా నూనేంటి?"

"మీరు కడ్డీల్లో కూరేదే, కొలిచి ఇస్తే గుండెకి మందట. ఒంట్లోకి వెళ్ళాక దాన్నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అని ఒక వాయువు పుడుతుందట. అది రక్తనాళాల్ని వదులు చేస్తుంది. వదులైతే బీపీ దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. మరీ దిగిపోయిందా, ఒంటికంతా రక్తం అందించడానికి గుండె దౌడు తీయాలి. అందుకే చుక్క చుక్క లెక్కపెట్టి పోస్తున్నారు. వాళ్ళు లెక్కపెట్టి పోస్తుంటే నువ్వొచ్చి నెత్తిన ఇంకో మోతాదు రుద్దావు."

"నాకెవరు చెప్పారు?"

"అడిగావా?"

"అడిగితే పెట్టనిస్తావా నువ్వు? నేను తెచ్చిన పళ్ళు కూడా తీసుకెళ్ళి బయట పడేశావు."

"పడేశాను. మళ్ళీ తెచ్చినా పడేస్తాను. బీపీ ఎందుకు పడుతోందో అర్థంకాక వాళ్ళు ఆ మందే ఆపేద్దామంటున్నారు. ఆపితే నొప్పి తిరగబెడుతుంది. లే. లోపలికొచ్చి డాక్టరమ్మకి నీ నోటితో చెప్పు."

"నువ్వు చెప్పు."

"చేసింది నువ్వు, చెప్పేది నేనా? ఉద్యోగం ఊడుతుందని భయమా?"

"ఊడితే ఊడనీ. నా పేరే చెప్పు. షెడ్డులోంచి దొంగతనంగా తెచ్చానని చెప్పు."

"మరి లేవవేం? అన్న కోసం ఏమైనా చేస్తానని అందరి ముందూ గొప్పలు పోతావుగా. నాలుగడుగులు వేయలేవా?"

"వదినా, అది అన్న టోపీ కాదు. అన్నది నువ్వెప్పుడో చెత్తలో పడేశావు."

"మరెవరిది?"

"నాది. ఉన్నదొక్కటే. షెడ్డుకి సెలవులిచ్చిన దగ్గర్నుంచి నేను తలకి పెట్టలేదు, ఉన్న కాస్తా అన్నకి సరిపోవాలని."

"అయితే?"

"నాకూ ఛాతీ పట్టేసింది. డాక్టరమ్మని ఇక్కడికే పిలువు."