దసరాకి తోమిన తుపాకి

భర్త పోయిన రెండో నెలలో ఆమె, పాత తుపాకుల గురించి బాగా తెలిసిన ఆయన స్నేహితుణ్ణి ఇంగ్లండ్‌లో, స్లౌలోని తమ ఇంటికి పిలిచి, ఆయన అపురూపంగా దాచుకున్న, పేలకుండా చేసిన పాత సోవియట్ స్నైపర్ రైఫిల్‌ని టేబుల్ మీద పెట్టింది.

"మ్యూజియంకి ఇద్దామనుకుంటున్నా అన్నయ్యా. అసలుదేనని మీరు రాసివ్వాలట."

"దీని చెక్క మీద ఫ్యాక్టరీ ముద్ర ఉండేది చెల్లెమ్మా, యుద్ధం నాటి లక్క పూత ఉండేది. అవి చూసే కదా అసలుదని నమ్మేది. ఏమయ్యాయవి?"

"నల్లగా జిడ్డోడుతుంటే నేనే శాండ్ పేపర్ పెట్టి రుద్దేశాను. ఆయన హాస్పిటల్లో ఉండగా దసరా వచ్చింది. మురికిదాన్ని ఆయుధపూజలో ఎలా పెడతాను? ఆయన ప్రాణమంతా దీని మీదే కదా, పూజ చేస్తే కోలుకుంటారనుకున్నా."

"వాడు చూశాడా?"

"ఇంటికొచ్చిన రోజే చూపించాను. ఇదిగో, ఇక్కడ వేలితో చాలాసేపు తడిమారు."

"ముద్ర ఉండేది అక్కడే."

"అయ్యో..."

"ఏమన్నాడమ్మా?"

"పెళ్లికూతురులా మెరిసిపోతోందే అని నవ్వారు. తర్వాత నా అరచేతులు చూసి, బొబ్బలెక్కాయని ఆయింట్‌మెంట్ రాశారు. నన్నొక్క మాట కూడా అనలేదన్నయ్యా."