పెంచలరత్నం కొన్న కరెంటు కారు

పెంచలరత్నం పెండ్లామైంది కాబట్టి సరిపొయ్యింది గానీ, ఇంకొకతె అయితే ఆ మాలకొండయ్య ఈపాటికి గోడ మీద ఫొటోలో ఉండేవోడు. అట్టా చూడబాకండి, ఇదేం రాజుగారి కత కాదు, పోయినేడు జరిగిందే. చేతులు ఆపకుండా మిరపకాయల తొడిమెలు తీసుకుంటానే వినండి, మేస్త్రి వొస్తే నన్నే అంటాడు. వేములబండ అని ఊరుండాది గదా, మెట్టన, ఆ ఊరోళ్ళే వీళ్ళు. మొగుడూ పెండ్లాం ఇద్దరే, పిల్లల్లేరు. మాలకొండయ్యకి కిడ్నీలు చెడిపొయినయ్యంట. వారానికి మూడు దినాలు ఒంగోలు పొయ్యి, ఆసుపత్రిలో మంచం మీద పడుకొని, చేతికి గొట్టాలు పెట్టించుకొని, నాలుగు గంటలు రక్తం కడిగించుకోవాల. ఒక దినం తప్పినా ఒళ్ళంతా నీరొచ్చేస్తది. వేములబండ నించి ఒంగోలు అరవై రెండు కిలోమీటర్లు. తెల్లారకముందే ఆటో ఎక్కి రోడ్డు కాడికి, ఆడ్నించి బస్సు, బస్సు దిగి మళ్ళా ఆటో. పొయ్యేటప్పుడు ఎట్టనో పోతాడు. వొచ్చేటప్పుడే తంటా. రక్తం కడిగినాక మనిషి పిండిన గుడ్డ మాదిరి అయిపోతాడు, ఆ బస్సులో నిలబడి రావాలంటే ఎట్టా?

ఏమైందంటే, ఒకదినం బస్సు దిగతా దిగతా మెట్టు మీంచి కింద పడ్డాడు. మోకాలు చీరుకుపొయ్యింది. దెబ్బకి కాదు, సిగ్గుకి ఏడిచాడంట మాలకొండయ్య, నడిరోడ్డు మీద. ఇంటికొచ్చి మంచం ఎక్కి, "ఇంక నేను పోను రత్నం, నన్నిడిసిపెట్టు" అన్నాడంట. ఒక దినం ఆగి పోయే వాయిదా వొచ్చింది. పోలేదు. ఆమె బతిమాలింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. పోలేదు. మూడో దినానికి మొహం ఉబ్బి ఊపిరందక ఎగపోస్తా ఉంటే, పక్కింటోళ్ళ బొలేరో అడుక్కొని ఎక్కించుకపొయ్యారు. డాక్టరమ్మ ఏమందంటే, "ఇంకో పూట ఆలీశం అయ్యుంటే నా చేతుల్లో ఏం లేదు తల్లీ" అనింది. ఆ దినం ఆసుపత్రి వరండాలో కూసోని పెంచలరత్నం అనుకునింది, ఏదేమైనా కారు కొనాల్సిందే అని. రెండు బర్రెలుండయ్, మెడలో గొలుసుండాది, ఇంకేం కావాల? తోలేదెవురంటారా? ఆమే! ఆమె పుట్టిల్లు లింగసముద్రం పక్కన, వాళ్ళ నాయన ట్రాక్టరు పదహారేళ్ళకే తోలిన మనిషి. దుక్కి దున్నిన చెయ్యి అనుకో, కారొక లెక్కా.

అయితే కారు కొనటం ఒక ఎత్తు, దానికి పెట్రోలు తాపటం ఒక ఎత్తు. వారానికి మూడుసార్లు పొయ్యి రావాలంటే బర్రెలు కాదు, పొలం కూడా తాగేస్తది. ఆసుపత్రి బయట కరెంటు ఆటోలు తిరగతుంటయ్ గదా, వాటిల్లో ఒకాయన్ని అడిగింది, "అన్నా, దీనికి దినానికి ఎంతవుద్ది?" అని. ఆయన చెప్పింది విని, రెండు టీల డబ్బులతో ఊరంతా తిరిగొచ్చే బండా అని నోరెళ్ళబెట్టింది. అట్టాంటిదే కారు ఉంటదా అంటే, "ఎందుకుండదమ్మా, కొత్తది మనకందదు, పాతది చూసుకో. చూసుకునేటప్పుడు మాత్రం పైన రంగు చూడబాక, లోపల బ్యాటరీ చూడు, దాని ప్రాణమంతా ఆడే ఉంటది" అన్నాడంట. ఆ ఆటో ఆయన పేరు కూడా తెలవదు ఆమెకి. ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు "ఆ ఆటో అన్న సల్లంగుండాల" అనుకుంటదంట.

సరే, పాత కార్లు అమ్మే షెడ్డుకి పొయ్యింది. ఆడొక కుర్రోడు, నల్ల కళ్ళద్దాలు, నోట్లో చూయింగ్ గమ్ము. తెల్లటి కారు చూపించాడు. కడిగి, తుడిచి, సీట్లకి కొత్త కవర్లేసి, పెండ్లికూతురు మాదిరి నిలబెట్టుండాడు. అద్దం కింద అంకె పడతది, ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతానని. నూట నలభై అని పడింది. "ఒకసారి చార్జింగు పెడితే ఒంగోలు పొయ్యి రావొచ్చక్కా, ఇంకేం ఆలోచిస్తావ్" అంటాడు వాడు. పెంచలరత్నం ఏమందంటే, "సరే నాయనా, నలుగుర్ని ఎక్కించు, ఏసీ ఎయ్యి, బైపాసు మీద పొయ్యొద్దాం" అనింది. వాళ్ళ నాయన ట్రాక్టరు కొనేటప్పుడు కూడా ఉత్తగా తోలి కొనలా, ట్రక్కుకి నిండా ఇసక ఏసి గట్టెక్కించి చూసి కొన్నాడంట. వాడు నీళ్ళు నమిల్నా గానీ పొయ్యారు. పది కిలోమీటర్లు తిరిగొచ్చేసరికి అంకె నూట పదిహేను. పది తగ్గాల్సింది పాతిక తగ్గింది. "అది ఎండకి అక్కా" అన్నాడు వాడు. "మా ఊళ్ళో కూడా ఎండే గదా నాయనా" అనేసి వొచ్చేసింది. భలే అనింది గదా?

అట్టా మూడు చూసింది, నాలుగు చూసింది. ఒకదానికి బ్యాటరీ కాగితాలు లేవు, ఒకదానికి అడుగున తుప్పు, బాగుండేవి ఆమెకి అందవు. అప్పుడు ఎవురో చెప్పారంట, ఒంగోలు సంతపేటలో ప్రభుదాసు మాస్టారని ఒకాయన, బళ్ళో బొమ్మలు నేర్పి రిటైరైనాయన, కళ్ళు సరిగ్గా కనపడక కారు అమ్ముతుండాడని. పొయ్యింది. చిన్న నీలం కారు, ఒక పక్క గీసుకుపొయ్యుండాది. ఈ గీత ఏంది సారూ అంటే, "నా గేటే నాకు కనపడలేదమ్మా, అందుకే అమ్ముతున్నాను" అన్నాడు ఆయన. బ్యాటరీ ఎంత పోద్దని అడిగింది. "నా మాట మీద కొనద్దు. నీ ఊరిదాకా నువ్వే తోలు, నేను పక్కన కూర్చుంటాను" అని, టోపీ పెట్టుకొని ఎక్కి కూసున్నాడు. ఊరూ పేరూ తెలియని మనిషికి తాళం చేతిలో పెట్టి అరవై కిలోమీటర్లు వొచ్చాడు ఆ పెద్దాయన! ఎవురొస్తారు ఈ రోజుల్లో, నువ్వొస్తావా, నేనొస్తానా?

తోలింది. గేర్లు లేవు, క్లచ్చు లేదు, ఎన్నలో కత్తి దిగినట్టు పోతా ఉండాదంట. వేములబండ చేరేసరికి అంకె ముప్పై ఒకటి. ఇంట్లో మోటారుకి పెట్టిన పెద్ద ప్లగ్గు ఉండాది, దానికి తగిలిచ్చారు. అది ఎక్కేదాకా మాస్టారు ఆడనే ఉండాలి గదా, జొన్నరొట్టె, గోంగూర పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కొని, మాలకొండయ్య మంచం పక్కన కూసోని, "అమ్మా, ఈ కారు నేను నీకు అమ్మను" అన్నాడంట.

ఆమెకి అర్థం కాలేదు. "ఏం సారూ, బేరం చాలలేదా?" అనింది. "బేరం కాదమ్మా. ఇది తొంభై మించి పోదు. నువ్వు పొయ్యి రావాలంటే నూట ఇరవై నాలుగు. కొత్తలో పోయేది, ఇప్పుడు ముసలిదైంది నా మాదిరే. ఒంట్లో బాలేని మనిషిని ఎండలో, నడిదారిలో ఇది దించేసిందంటే ఆ పాపం నాది. ఎవరైనా ఊళ్ళో తిరిగేవాళ్ళకి అమ్ముకుంటాను" అన్నాడు. పెంచలరత్నానికి దుఃఖం ఆగలా. అందినట్టే అంది చెయ్యి జారిపొయ్యింది గదా. "అందరూ అబద్ధం చెప్పి అంటగట్టాలని చూస్తే, నువ్వేంది సారూ నిజం చెప్పి చంపుతావ్" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పొయ్యి కాడికి పొయ్యింది. మాస్టారు యాడ చూడాలో తెలవక ఆ టోపీని తిప్పతా కూసున్నాడు.

అప్పుడు ఏమైందంటే, మంచం మీద మాలకొండయ్య, అంతదాకా నోరిప్పని మనిషి, మెల్లింగా అడిగాడంట. "సారూ, ఆ కారుకి కరెంటు ఎక్కాలంటే ఎంతసేపు?" "నిండా అయితే ఆరుగంటలు." "నిండా వొద్దు, ఒంగోల్నించి మా ఇంటికొచ్చే అంత?" మాస్టారు లెక్కేసుకొని, "దగ్గర దగ్గర నాలుగు గంటలు" అన్నాడు. మాలకొండయ్య నవ్వాడంట. ఎన్ని నెలలైందో ఆ మొహంలో నవ్వు చూసి! "రత్నం, ఇట్టా రా" అని పిలిచి, "నన్ను నాలుగు గంటలు గొట్టం పెట్టి పడుకోబెడతారు గదే. అంతసేపు అదేం చేస్తది బయట? దానికీ ఒక వైరు పెట్టి పడుకోబెట్టండి" అన్నాడు. చూశారా! పొయ్యి రావటానికి సరిపోవాలని అందరూ ఒకటే లెక్క ఏసుకుంటా ఉండారు గానీ, పోవటం ఒకటి, రావటం ఒకటి, మధ్యలో నాలుగు గంటలుండయ్యని ఎవురికీ తట్టలా. రోగంతో పడుకున్నోడికి తట్టింది.

ఆ దినం కారు నిండినాక ఆమే మాస్టార్ని సంతపేటలో దించి, బస్సెక్కి ఇంటికొచ్చింది. అయితే ఆ వైరు పెట్టే ప్లగ్గు యాడ? మర్సటి వాయిదాకి పొయినప్పుడు ఆమె, మాస్టారు కలిసి ఆసుపత్రి ఈధంతా అడిగారు. ఆసుపత్రిలో అడిగితే పైవాళ్ళ ఆర్డరు కావాలన్నారు. లాడ్జీ ఆయన కుదరదన్నాడు. మందుల షాపాయన నవ్వాడు. ఈధి చివర పంచర్ల కొట్టుంది, ఖాసిం సాయిబుది. గాలి కొట్టే మిషనుకి పెద్ద ప్లగ్గుండాది. "ఎవురికమ్మా?" అన్నాడు. చెప్పింది, మా ఆయనకి, లోపల రక్తం కడగతుండారు, అని. ఆయన చేతిలో ట్యూబు పక్కన పెట్టి, "మా అన్నని నేను ఇదే ఆసుపత్రికి రెండేళ్ళు తీసకొచ్చానమ్మా, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టుకొని. ఆ కుదుపులకి ఆయన పడిన బాధ నాకు తెలుసు" అన్నాడు. అని, "నా మిషను దినానికి గంట ఆడితే ఎక్కువ. ప్లగ్గు ఖాళీగానే ఉంటది. చిన్న మీటరు పెట్టుకో, కరెంటు కాల్చినదానికి ఇయ్యి, ఇంకేం ఇయ్యబాక" అన్నాడు. ఆ మాట విన్నాక మాస్టారు జేబులోంచి కారు తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడంట, ఆ నడిరోడ్డు మీదే.

గొలుసూ, ఒక బర్రె అమ్మి ఆయన డబ్బు ఆయనకి కట్టింది ఆమె. మొదటి దినం మాలకొండయ్య ఏసీ ఎయ్యనీలా, కరెంటు అయిపోద్దని. "నువ్వు నోరు మూసుకొని కూసో" అని ఏసింది ఆమె. ఇరవై నాలుగు మిగిలుండగా చేరారు. ఖాసిం సాయిబు కొట్టు ముందు నీడకి పెట్టి వైరు తగిలిచ్చింది. గంట గడిచిందో లేదో, కరెంటు పొయ్యింది! అర్ధగంట, గంట. లోపల పొయ్యి మొగుడి మొహం చూస్తది, బయటికొచ్చి కారు మొహం చూస్తది. ఖాసిం సాయిబు టీ తెప్పిచ్చి, "రాకుండా యాడికి పోద్దమ్మా, అదొచ్చేదాకా నేను కొట్టు కట్టెయ్యన్లే" అన్నాడు. గంటంబావుకి వొచ్చింది. మాలకొండయ్య బయటికొచ్చాక ఇంకో గంట ఆగి బయలుదేరారు. ఆ గంటా ఆయన్ని కొట్టులో పరుపేసి పడుకోబెట్టింది సాయిబే. దారంతా ఆమె కళ్ళు అంకె మీదే. ఊళ్ళోకి వొచ్చేసరికి పద్దెనిమిది మిగిలుండయ్. ఇంటి ముందర ఆపి పక్కకి చూస్తే, సీటు ఎనక్కి వాల్చి, నోరు తెరుచుకొని, గురక పెట్టి నిద్రపోతుండాడు మాలకొండయ్య. గొట్టాలు పెట్టిన దినం ఆ మనిషి దారిలో కునుకు తియ్యటం అదే మొదలంట. లేపలేదు ఆమె. స్టీరింగు మీద తల పెట్టుకొని కాసేపు ఏడ్చుకొని, కళ్ళు తుడుచుకొని, అప్పుడు లేపింది. "ఇల్లొచ్చిందా అప్పుడే?" అన్నాడంట.

ఇప్పుడు పక్కూళ్ళ నించి ఇద్దరు రోగులు కూడా ఆ కారులోనే పోతుండారు. మాస్టారుకి తొలి కాపు సపోటాలు పంపించింది, సాయిబు ఇంటికి పండగకి పాలు పంపిస్తది. ఎవురన్నా ఈ కారు నీకెట్టా దొరికిందే అంటే, "పేరు తెలవని ఆటో అన్న చెప్పాడు, మాస్టారు అమ్మనన్నాడు, సాయిబు ప్లగ్గిచ్చాడు, నేను తోలతుండానంతే" అంటది.

నేను కూడా ఎక్కాను ఒకసారి, కళ్ళు చూపించుకునేదానికి పోతా. ఆ కారుకి సౌండు లేదు, అదొకటే దాంట్లో లోపం. బస్సులో అయితే పక్కన మనిషి మాట వినపడి చావదు. దీంట్లో ఆ మొగుడూ పెండ్లాం మాటలన్నీ చెవిలోనే పడతయ్. మెల్లింగా తోలమని ఆయన, నువ్వు తోలు చూస్తానని ఆమె, వాళ్ళ మేనత్త పెండ్లి నాటి గొడవ కాడికి పొయ్యారు. పొయ్యేటప్పుడు పోట్లాట, వొచ్చేటప్పుడు పోట్లాట. నా చెవులు దిబ్బళ్ళు పడినయ్. కానీ ఒకటి చెప్తా వినండి, రక్తం కడిగించుకొని వొస్తా వొస్తా పెండ్లాంతో అరవై రెండు కిలోమీటర్లు పోట్లాడే ఓపిక ఆ మనిషికి మిగిలింది చూడు, అది చాలదా అమ్మా!